మోర్విక్ తప్పేమీ లేదు

ద్రోహం చేసినవాణ్ణి అర్థం చేసుకోవడం ఎలాగో బడిలో నేర్పరు. ఇంట్లో అసలే నేర్పరు. ఆ లోటు తీర్చడానికే ఫాంటసీ సీరీస్‌లు పుట్టాయి. వాటిని తిట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది. మనిషి మనసు లోతు చూడాలంటే పూర్వం అడవికి పోయి తపస్సు చేయాల్సి వచ్చేదట! ఇప్పుడు నెలవారీ సబ్‌స్క్రిప్షన్ చాలు.

"సప్తదుర్గం" చూడనివాళ్లు మీలో ఒకరిద్దరు ఉండొచ్చు. వారి కోసం కథ రెండు ముక్కల్లో. ఎక్కడో మంచుదేశం. ఏడు కోటలు. ఐలీన్ అనే రాణి. ఆమె చేతి అన్నం తిని పెరిగిన మరిది మోర్విక్. రాణి తన తండ్రిని మట్టి చేసి రావడానికి కోట దాటి వెళ్తుంది. తిరిగి వచ్చేసరికి కోట తలుపుకు లోపలి నుంచి గడియ, బురుజు మీద కొత్త జెండా. గడియ వేయించినవాడు మోర్విక్.

పాత రోజుల్లో అయితే "నీ కడుపు కాల" అని ఒక తిట్టు తిట్టి, టీవీ కట్టేసి పడుకునేవాళ్లం. ఎంత మోటుమనుషులం! ఇప్పుడు అలా కాదు. మోర్విక్‌కు బ్యాక్‌స్టోరీ ఉంది. చిన్నప్పుడు అతని చెక్క గుర్రాన్ని ఎవరో పొయ్యిలో పెట్టారు. అతని మనసులో గాయం ఉంది. అతనిది నలుపూ కాదు, తెలుపూ కాదు, గ్రే. ఇన్ని సంగతులు తెలిశాక "ద్రోహి" అనే మాట నోట్లోంచి వస్తుందా? సంస్కారం ఉన్నవాళ్లకు రాదు.

ఈ చర్చ వల్ల పాతబస్తీకి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. గౌలిపురాలో ఒకాయన నల్లాకు మోటరు బిగించి గల్లీ నీళ్లన్నీ తన సంపులోకి గుంజుకునేవాడు. పోయిన ఏడాది దాకా ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఆయన గుమ్మం ముందు నిలబడి, ఆయన తాతముత్తాతలందరినీ పేరుపేరునా తలిచేవారు. ఇప్పుడు "ఆయనది కాంప్లెక్స్ క్యారెక్టర్" అనుకుని, బిందెలు తీసుకుని పక్క గల్లీకి పోతున్నారు. ఎంత ప్రశాంతత!

జాకెట్టు ముక్క పోగొట్టిన టైలర్ తన సిచ్యుయేషన్ అర్థం చేసుకోమంటున్నాడు. పాలలో నీళ్లు కలిపేవాడు ఇది తన కథలో ఒక దశ మాత్రమేనని చెబుతున్నాడు. పెళ్లిచూపుల్లో పిల్లకు వంట వచ్చా అని అడగడం మానేశారు. మోర్విక్ పక్షమా, రాణి పక్షమా అని అడుగుతున్నారు. ఫలక్‌నుమాలో ఒక సంబంధం కట్నకానుకలు, జాతకాలు, అన్నీ కుదిరి ఈ ఒక్క ప్రశ్న దగ్గర తప్పిపోయింది. రేపు కాపురంలో గొడవపడే బదులు ముందే తేలిపోవడం మంచిది కాదా?

ఇంకా అనుమానం ఉన్నవాళ్లు ఉంటే, వాళ్లు గౌలిపురాలో వసుధ ఇంటి సంగతి వినాలి.

రెండంతస్తుల పాత ఇల్లు. కింద వసుధ, ఆమె భర్త రఘునాథ్, కూతురు మాన్య, అత్తగారు రాధాబాయి. పైన మరిది నందకిశోర్, తోటికోడలు భాగ్యశ్రీ, వాళ్ల కొడుకు సంకేత్. రఘునాథ్‌కు కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. నెమ్మదస్తుడు. ఆయన ఎవరినీ నొప్పించి ఎరగడు. ఏ కష్టమైన మాటయినా "సమయం చూసి చెప్దాం" అంటాడు. ఆ సమయం ఎప్పుడు వస్తుందో, ఎవరి ఇంటికి వస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు.

మొన్నటి చలికాలం దాకా ఆ ఇంటికి ఒకటే పొయ్యి. భాగ్యశ్రీ సంబంధం చూసి తెచ్చిందే వసుధ. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఇద్దరూ ఒకే వంటింట్లో భుజాలు తగులుతుండగా వండారు. అప్పుడు నారాయణపేటలో వసుధ తల్లికి జబ్బు చేసింది. వసుధ వెళ్లింది. తల్లి మంచం పక్కనే ఉంది. తల్లి పోయింది. దినాలన్నీ అయ్యాక తిరిగి వచ్చి, సంచి అరుగు మీద పెట్టి, కాళ్లు కడుక్కుని వంటింట్లోకి వెళ్లింది.

అలమారలో సగం డబ్బాలు లేవు. గ్రైండర్ లేదు. పైనుంచి తాలింపు వాసన వస్తోంది.

పొయ్యి వేరు పడింది. ఇంట్లో అందరికీ తెలుసు, ఆమెకు తప్ప. రోజూ సాయంత్రం రఘునాథ్ ఫోన్ చేసేవాడు. మీ అమ్మ ఏమైనా తిన్నదా, నువ్వు కాస్త పడుకున్నావా అని ప్రేమగా అడిగేవాడు. ఈ సంగతొక్కటే చెప్పలేదు.

వేరు పొయ్యి పెట్టుకున్నందుకు వసుధకు కోపం లేదు. లోకంలో ఎవరు పెట్టుకోవడం లేదు? నాకు ముందుగా ఎందుకు చెప్పలేదు అన్నదొక్కటే ఆమె ప్రశ్న. ఎవరి పొయ్యి వాళ్లకుంటే మంచిదే కదా అంది అత్తగారు. వదినా, ఊకె పెద్దది చేయకు అన్నాడు మరిది. చిన్న విషయానికి లొల్లి ఎందుకు అన్నాడు భర్త. భాగ్యశ్రీని వసుధ అడగనే లేదు. మెట్ల మీద ఎదురైతే ఆమె మొహం అటు తిప్పుకునేది. ఈమె ఇటు తిప్పుకునేది. అలా చలికాలం పోయింది, ఎండాకాలమూ వచ్చింది.

ఆ ఇంటిని నిలబెట్టింది "సప్తదుర్గం"! ఎలాగంటారా? పొయ్యిలు రెండయ్యాయి కానీ పెద్ద టీవీ ఒకటే. అది కింద ఉంది. శుక్రవారం సాయంత్రం కొత్త ఎపిసోడ్ రాగానే పైవాళ్లు కిందికి దిగేవారు. భాగ్యశ్రీ కూడా దిగేది. లోపలికి రాకుండా, గుమ్మం పక్కన చివరి మెట్టు మీద కూర్చునేది.

రాణి తిరిగి వచ్చి మూసిన తలుపు ముందు నిలబడిన ఎపిసోడ్ రోజు వసుధ ఒక మూల చింతపండు ఈనెలు తీస్తూ కూర్చుంది. ఆమెకు ఈ కోటలూ రెక్కల జంతువులూ పట్టేవి కావు. ఆ రోజు మాత్రం చేయి ఆగింది.

"ఆమెకు ముందుగాల ఎందుకు చెప్పలే?" అంది.

గదంతా పండగైపోయింది. పెద్దమ్మ కూడా ఫ్యాన్ అయింది! సంకేత్ టీవీ ఆపి మరీ వివరించాడు. చెబితే రాణి మనసు నొచ్చుకుంటుందని మోర్విక్ భయపడ్డాడట. అసలే తండ్రి పోయిన దుఃఖంలో ఉంది కదా. చెప్పకపోవడం కూడా ఒక రకం ప్రేమేనట. మాన్య రాణి పక్షం. అదేం ప్రేమ అని ఆమె గొడవకు దిగింది. రఘునాథ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "గట్ల తొందరపడి అనొద్దు. ఆయన దిక్కుకెల్లి కూడ చూడాలె" అన్నాడు. ఆయనకు మోర్విక్ అంటే ప్రాణం. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మోర్విక్ తరఫున వాదించి ఒకరిద్దరు స్నేహితులను కూడా పోగొట్టుకున్నాడు.

వసుధ అంతా విని, తెర వైపు వేలు చూపించింది. బురుజు మీద ఒకడు నిలబడి ఉన్నాడు. చేతిలో పెద్ద కొమ్ము బూర. ఆపద వస్తే ఊదడం వాడి పని. వాడి కళ్లముందే తలుపు మూశారు.

"మరి వీడెందుకు ఊదలే? అంత చూసుకుంట నిలబడ్డడు కద."

అందరూ నవ్వారు. రఘునాథ్ మరీ నవ్వాడు.

"వాడు జూనియర్ ఆర్టిస్టు, వసుధా. వానికి కథ లేదు."

ఆ తర్వాత ప్రతి శుక్రవారం వసుధ ఒక ప్రశ్న తెచ్చేది. ఇల్లంతా పోటీలు పడి జవాబు చెప్పేది. మెట్టు మీద నుంచి కూడా జవాబులు రావడం మొదలైంది. టీవీ వైపు చూస్తూ ఒకరు అడుగుతారు, టీవీ వైపు చూస్తూనే ఒకరు చెబుతారు. ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు నోరు విప్పి మాట్లాడుకోక ఎన్ని నెలలైందో గుర్తు చేసుకోండి. ఏ కౌన్సెలర్, ఏ పెద్దమనిషి చేయగలడు ఈ పని?

"ఆ పిలగాన్ని కోటలకు తెచ్చి సాకింది కద. ఏం తక్కువ చేసిందట?" అని అడిగింది వసుధ ఒకసారి.

జవాబు మెట్టు మీద నుంచి వచ్చింది.

"తక్కువ ఏం లేకుండె," అంది భాగ్యశ్రీ. "అంత ఆమె చేతులకెల్లే వచ్చేది. కూరల ఉప్పు ఎంతెయ్యాల్నో గుడ ఆమెనే చెప్పాలె. గట్ల ఎన్నేండ్లుంటడు మనిషి?"

"కోటల ఉప్పు ఎక్కడిదమ్మా?" అన్నాడు సంకేత్.

మాన్య ఫోన్ తీసి పాత ఎపిసోడ్లన్నీ వెనక్కి తిప్పింది. ఉప్పు సీను ఎక్కడా దొరకలేదు. దొరకలేదంటే దాచిపెట్టారన్నమాట! సంకేత్ ఆ రాత్రే "ఉప్పు థియరీ" అని ఫ్యాన్ గ్రూపులో పెట్టాడు. తెల్లారేసరికి అది దేశాలు దాటింది. రాణి సింహాసనం తెల్లగా ఎందుకుందో ఇప్పుడు తెలిసిందని మంచు కురిసే దేశం వాడెవరో కన్నీళ్లతో రాశాడు. గౌలిపురా మెట్ల మీద పుట్టిన సిద్ధాంతం!

వసుధ మాత్రం ఆ రాత్రి పప్పులో ఉప్పు వేయబోయి, చెంచా పట్టుకుని కాసేపు నిలబడింది. నిజమే. ఇన్నేళ్లలో ఆ వంటింట్లో ఉప్పు డబ్బా ఇంకొకరి చేతికి ఇచ్చిన గుర్తు ఆమెకు లేదు.

తర్వాతి శుక్రవారం ఆమె గొంతు కాస్త తగ్గింది. "అడిగితే ఇచ్చేదేమో ఆ రాణి. అడగాలె కద."

"అడిగిండు," అంది భాగ్యశ్రీ వెంటనే. "కబురు పంపిండు. సరే అని కబురు గుడ వచ్చింది. ఆమె సరే అని, వచ్చినంక మొకం మాడ్చుకుంటే ఆయన ఏం చేస్తడు?"

ఏ ఎపిసోడ్‌లో కబురు పంపాడని పిల్లలు మీద పడ్డారు. భాగ్యశ్రీ లేచి పైకి వెళ్లిపోయింది. సంకేత్‌కు "కబురు థియరీ" దొరికింది. రఘునాథ్‌కు ఎందుకో దగ్గు తెర వచ్చింది. నీళ్లు తాగడానికి లేచాడు. వసుధ ఒళ్లో చింతపండు అలాగే ఉంది. ఏం కబురు? ఎవరు తెచ్చారు? తనకు ఏ కబురూ రాలేదే! ఆ ప్రశ్న టీవీని అడిగేది కాదు. మనిషినే అడగాలి. అడగడానికి మెట్లెక్కి పైకి పోవాలి. అదే చేతకాలేదు.

ఆషాఢం వచ్చింది. లాల్‌దర్వాజ బోనాల ఆదివారం దగ్గర పడింది. "సప్తదుర్గం" చివరి ఎపిసోడ్ సరిగ్గా దానికి ముందు శుక్రవారమే.

రాధాబాయి మంచం మీద నుంచే తీర్పు చెప్పింది. ఇంట్లో ఎన్ని పొయ్యిలు ఉంటే అన్ని బోనాలు. ఈసారి పైనుంచి కూడా బోనం దిగాలి. అయితే ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పొయ్యి మీద మొదటి బోనం వండాలంటే పాత పొయ్యి ఇల్లాలి చేత్తో పిడికెడు బియ్యం పడాలి. ఊరికే పడవు. వేరు పెట్టుకున్న కోడలు చెంబు పట్టుకుని వచ్చి, నోరు తెరిచి అడగాలి. ఇంకొకరితో అడిగించకూడదు. రాధాబాయి కూడా తన తోటికోడలి ముందు అలాగే నిలబడి అడిగిందట.

అడగడానికి భాగ్యశ్రీ వస్తుందా? వసుధకు ఆ వారమంతా ఇదే ధ్యాస. ఇంట్లో మిగతా అందరికీ మోర్విక్ ధ్యాస.

శుక్రవారం చివరి ఎపిసోడ్ వచ్చింది. ఘోరం జరిగిపోయింది! మోర్విక్ మంచులో రాణి ముందు మోకాళ్ల మీద కూర్చుని, "చెప్పకుండా చేశాను. తప్పు నాది" అన్నాడు. అంతే. యుద్ధం లేదు, విషం లేదు, రెక్కల జంతువు నిప్పు కక్కలేదు.

ప్రపంచమంతా గుండెలు బాదుకుంది. సంకేత్ అన్నం తినలేదు. ఇన్ని సీజన్లు పెంచిన గ్రే క్యారెక్టర్ చేత ఒక్క మాటతో సారీ చెప్పిస్తారా? అంతకన్నా చవకబారు రచన ఉంటుందా? మనుషులు అలా చెప్పుకుంటారా ఎక్కడైనా? ఆ సీను తీసేసి మళ్లీ తీయాలని పిటిషన్ మొదలైంది. లక్షల సంతకాలు పడ్డాయి. రఘునాథ్ ఆఫీసు ఫైలు మీద కూడా ఇంత త్వరగా ఎన్నడూ సంతకం పెట్టి ఎరగడు.

శనివారం సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గర గాజుల చప్పుడైంది. భాగ్యశ్రీ. చేతిలో ఇత్తడి చెంబు. చాలాసేపు గడపను చూసింది.

"పొయ్యి వేరు పెట్టుకున్న. బియ్యం పెట్టు అక్కా."

వసుధ డబ్బా మూత తీసి పిడికెడు బియ్యం చెంబులో పోసింది. ఇంకో పిడికెడు పోసింది. ఆనవాయితీకి ఒక్కటే చాలు.

"నీకు మనసుల లేకపోతే అప్పుడే వద్దనేదుండె అక్కా," అంది భాగ్యశ్రీ. "నేను ఆగేదాన్ని."

"నేనెప్పుడు సరే అన్న?"

భాగ్యశ్రీ తలెత్తింది. "బావతోని చెప్పి పంపిన కద. మీ అమ్మకు గట్ల ఉన్నప్పుడు నేను ఫోన్ చేసి పొయ్యి ముచ్చట మాట్లాడితే బాగుండదని బావకు చెప్పిన. అక్క ఒప్పుకుంటేనే పెడ్త అన్న. రెండు దినాలైనంక వచ్చి, అక్క సరే అన్నది, పెట్టుకో అన్నడు."

వసుధ డబ్బా మూత పెట్టింది. అది సరిగా పడలేదు. మళ్లీ తీసి పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎనిమిది నెలల తర్వాత, మధ్యలో టీవీ లేకుండా.

ముందు గదిలో రఘునాథ్, సంకేత్ ఒకే ఫోన్ మీదికి వంగి పిటిషన్ కింద కామెంట్లు చదువుతున్నారు. వసుధ వెళ్లి ఎదురుగా నిలబడింది. వెనుక చెంబుతో భాగ్యశ్రీ.

"ఆ కొమ్ము పట్టుకున్నోని పేరేంది?" అంది వసుధ.

"ఏ కొమ్ము?" అన్నాడు రఘునాథ్.

"బురుజు మీదోడు. ఊరకనే నిలబడలేదట వాడు. రాణి ఒప్పుకున్నదని లోపలోళ్లకు చెప్పింది గుడ వాడేనట."

"ఆ సీన్ లేదు పెద్దమ్మా," అన్నాడు సంకేత్.

"ఉన్నది. మీ పెదబాపును అడుగు."

సంకేత్ పెదనాన్న వైపు తిరిగాడు. తనకు తెలియని సీను ఆయనకు తెలుసా అని అతనికి ఆశ్చర్యం. రఘునాథ్ భార్యను చూశాడు, ఆమె వెనుక మరదలిని చూశాడు, చెంబులో బియ్యం చూశాడు. కళ్లజోడు తీశాడు. తుడవడానికి పంచె అంచు కోసం వెతికాడు. ఆయన ప్యాంటు వేసుకుని ఉన్నాడు.

"సమయం చూసి చెప్దామనుకున్న," అన్నాడు చివరికి. "ఇద్దర్ని నొప్పియ్యొద్దని... వానికి గుడ ఒక సిచ్యుయేషన్ ఉంటది కద, వసుధా."

"వాడు జూనియర్ ఆర్టిస్టు," అంది వసుధ. "వానికి కథ లేదన్నరు కద."

ఇక చెప్పండి, ఈ సీరీస్‌ల వల్ల సమాజానికి మేలు జరగడం లేదా? మోర్విక్ మీద ఎన్ని పుస్తకాలు, ఎన్ని వీడియోలు, ఎన్ని కన్నీళ్లు! తలుపు మూసినవాడి మీదే అందరి కళ్లూ ఉంటే, బురుజు మీదివాడు వేడివేడిగా భోంచేసి నిశ్చింతగా పడుకోగలడు. అతను మంచివాడు. ఎవరినీ నొప్పించడు. ప్రతి సాయంత్రం ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతాడు. అతనికి ఫ్యాన్ పేజీ లేదు, అతని మీద పిటిషన్ లేదు. అతని పేరు టైటిల్స్‌లో కూడా పడదు. ఇంతటి రక్షణ ఏ ప్రభుత్వం ఇవ్వగలదు?

ఆదివారం ఆ ఇంటి నుంచి రెండు బోనాలు బయలుదేరాయి. వేపాకు, పసుపు, పైన దీపం. ముందు నడిచే హక్కు పెద్దకోడలిది. వసుధ గుమ్మం దాటి, ఆగి, భాగ్యశ్రీ పక్కకు వచ్చేదాకా నిలబడింది. డప్పుల మధ్య ఇద్దరూ భుజాలు తగులుతుండగా నడిచారు. పరమాన్నంలో బెల్లం ఎక్కువైందా అని వసుధ అడగబోయి, నోరు మూసుకుంది.

గుడి మలుపులో జాతర బొమ్మలవాడు రంగురంగుల ప్లాస్టిక్ బూరలు అమ్ముతున్నాడు. వసుధ ఒక చేత్తో నెత్తి మీది బోనం పట్టుకుని, రెండో చేత్తో ఒక ఎర్ర బూర కొని, పక్కన నడుస్తున్న రఘునాథ్ చేతిలో పెట్టింది.

"ఇంట్ల పెట్టుకోండ్రి. అక్కరకొస్తది."

రఘునాథ్ దాన్ని పట్టుకుని గుడి దాకా నడిచాడు. చుట్టూ పిల్లలందరూ ఊదుతున్నారు. ఆయన ఊదలేదు.